పీవీసీ పైపు మీద అచ్చయిన అక్షరాలు మరక లేకుండా పోగొట్టడం ఎలా

పీవీసీ పైపుతో నీళ్ల లైన్లు మాత్రమే వేయం. బట్టలు ఆరేసే స్టాండు, కర్టెన్ రాడ్, మొక్కల కుండీలు పెట్టే అర, పిల్లలు ఆడుకునే చిన్న ఇల్లు, ఫొటోలు తీసేటప్పుడు వెనక గుడ్డ వేలాడదీసే ఫ్రేమ్, ఇలా ఎన్నో చేస్తాం. తేలిగ్గా ఉంటుంది, రంపం పెడితే ఇట్టే తెగుతుంది, మూల తిప్పే ఎల్బోలూ, మూడు పైపులు కలిపే టీలూ బిగిస్తే కావలసిన ఆకారం వస్తుంది. అంతా అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూస్తే మాత్రం తెల్లటి పైపు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి అక్షరాలు, అంకెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

వాటిని పోగొట్టడం కష్టం కాదు. కానీ తొందరపడితే అక్షరాలు పోయి, అంతకంటే అసహ్యమైన బూడిదరంగు మరక మిగులుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు అదే జరిగింది. నెయిల్ పాలిష్ తుడవడానికి వాడే అసిటోన్ అనే ద్రవాన్ని సీసాలోంచి నేరుగా పైపు మీద పోసి, గుడ్డతో ముందుకీ వెనక్కీ గట్టిగా రుద్దాను. అక్షరాలు కరిగాయి. కరిగిన ఇంకు అరచేయి వెడల్పున పులిమినట్టు పరుచుకుంది. పైపు పైపొర మెత్తబడి జిగటగా తయారైంది, గుడ్డ నూలుపోగులు దానికి అంటుకుపోయాయి. పక్కకి తిప్పుదామని పట్టుకుంటే నా బొటనవేలి ముద్ర గీతలతో సహా అందులో దిగింది. ఆరాక అలాగే గట్టిపడింది.

ఆ ముక్కను చాలా రోజులు దాచుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా గుర్తొచ్చేది ఒకటే: ఇంకు పైపు మీద నుంచి గుడ్డలోకి వెళ్లాలి, పైపు మీదే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లకూడదు. కింద చెప్పేదంతా ఆ ఒక్క పని సరిగ్గా జరగడం కోసమే.

అసలు తీయాలా, వద్దా?

నీళ్ల లైనులోనో, డ్రైనేజీలోనో బిగించే పైపు అయితే ఆ అక్షరాలను ముట్టుకోకండి. అందులో తయారుచేసిన కంపెనీ, పైపు సైజు, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, ఏ ప్రమాణం ప్రకారం చేశారు, ఏ బ్యాచ్, ఏ తేదీ అన్నీ ఉంటాయి. ఉదాహరణకు ‘పీఎన్ 10’ అని ఉంటే, 20 డిగ్రీల సెల్సియస్ నీటితో 10 బార్ ఒత్తిడి వరకు ఆ పైపు పనిచేస్తుందని అర్థం. వేడినీళ్లకు వాడదగినదా కాదా అన్నదీ ఆ రాతను బట్టే తెలుస్తుంది. మామూలు పీవీసీ 60 డిగ్రీలు దాటిన నీటికి పనికిరాదు, వేడినీళ్ల కోసం చేసే సీపీవీసీ అయితే 90 డిగ్రీల పైదాకా తట్టుకుంటుంది. పదేళ్ల తర్వాత గోడ పగలగొట్టి రిపేరు చేసే ప్లంబర్‌కు ఆ అక్షరాలే దారి చూపిస్తాయి. అవి లేని పైపును చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పైగా తాగునీరు వెళ్లే పైపు మీద కరిగించే ద్రవాలు రుద్దడం మంచిది కాదు.

అందుకే ఇక్కడ చెప్పేదంతా నీళ్లు పారని పైపుల గురించే. బల్లలు, స్టాండ్లు, ఫ్రేములు, అలంకరణ, బొమ్మలు లాంటి వాటికన్నమాట.

వాటిలో కూడా అన్ని పైపుల మీదా ఇంకు తీయనక్కర్లేదు. అచ్చు సాధారణంగా పైపుకు ఒకవైపు, ఒకే గీతగా ఉంటుంది. గమ్ము పెట్టకుండా ముందు అన్నీ ఊరికే బిగించి నిలబెట్టండి. అచ్చు ఉన్న వైపు గోడ వైపుకో కిందికో తిప్పండి. మీరు రోజూ చూసే చోట నిలబడి చూస్తే సగం పైపుల మీది అక్షరాలు కనిపించకుండా పోతాయి. మిగిలిన వాటి మీద పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. పని వాటికే. ఎల్బోలోకి, టీలోకి దూరిపోయే చివర్ల మీద ఇంకు ఉన్నా ఫర్వాలేదు, అది ఎవరికీ కనబడదు. ఈ చివర్ల సంగతి తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఫర్నిచర్ కోసమని అక్షరాలేవీ లేకుండా నున్నగా తయారుచేసే పీవీసీ పైపులు కూడా ఉన్నాయి. చాలా పైపులు కావాలంటే అవి వెతుక్కోవడమే మేలు. ముప్ఫై పైపుల మీద ఇంకు తుడిచే ఓపిక అందరికీ ఉండదు.

తీసేముందు రాసిపెట్టుకోండి

ఫోన్‌తో పైపు మీది రాత మొత్తం ఫొటో తీయండి. గొట్టం గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెం తిప్పుతూ రెండు మూడు తీయాలి. మీరు కట్టే స్టాండుకు ఇంకో ముక్క అవసరమైతే ఏ సైజు, ఏ మందం అన్నది అప్పుడు అక్కరకొస్తుంది. బయటి కొలత ఒకటే అయినా గోడ మందం వేరేగా ఉన్న పైపులు పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా కనిపిస్తాయి, బరువు పెడితేనే తేడా బయటపడుతుంది.

ఇది ఏ ప్లాస్టిక్? ఏ రకం అచ్చు?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలియకుండా సీసా మూత తీయకండి.

ప్లాస్టిక్ పేరు అక్షరాల్లోనే ఉంటుంది: పీవీసీ, యూపీవీసీ, సీపీవీసీ, ఏబీఎస్, హెచ్‌డీపీఈ, పీపీఆర్. రాత అరిగిపోయి చదవలేకపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వేసి చూడండి. పాలిథీన్ (హెచ్‌డీపీఈ), పాలీప్రొపిలీన్ (పీపీఆర్) నీళ్లకంటే తేలిక, తేలుతాయి. పీవీసీ సాంద్రత నీటికి దాదాపు 1.4 రెట్లు, రాయిలా మునుగుతుంది. ఏబీఎస్ నీటికంటే కొంచెమే బరువు కాబట్టి మంచినీళ్లలో నెమ్మదిగా మునిగి, బాగా ఉప్పు కలిపిన నీళ్లలో తేలుతుంది. ముక్కను నిప్పులో పెట్టి వాసన చూసి చెప్పేవాళ్లుంటారు, అది వద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్లనూ గొంతునూ మండించేస్తుంది.

ఇక అచ్చు. ఫ్యాక్టరీలో పైపు వేడిగా బయటికొచ్చి, నీళ్లలో చల్లబడి, ముందుకు సాగిపోతూ ఉండగానే పక్కనున్న ప్రింటర్ దాన్ని తాకకుండా సన్నటి చుక్కలుగా ఇంకు చిమ్ముతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో అక్షరం చుక్కలు పేర్చినట్టు కనిపిస్తుంది. చాలావరకు ఈ ఇంకుల్లో మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రవం ఉంటుంది. అది ఇట్టే ఆవిరైపోతుంది. పోతూ పోతూ పీవీసీ పైపొరను రవ్వంత కరిగించి, రంగును అందులో పాతేస్తుంది. సబ్బునీళ్లతో ఎంత రుద్దినా కదలకపోవడానికి కారణం అదే. ఆ రంగును వదిలించడానికి మళ్లీ అదే కుటుంబానికి చెందిన ద్రవం కావాలి. అసిటోన్ కూడా కీటోనే. అది ఇంకునూ కరిగిస్తుంది, పైపునూ మెత్తబరుస్తుంది. తేడా సమయంలోనే ఉంది. ఇంకు కరగడానికి ఒకటి రెండు సెకన్లు చాలు, పైపు మెత్తబడడానికి ఇంకొంచెం సేపు పడుతుంది. మనం పని చేయాల్సింది ఆ మధ్యలో ఉన్న వ్యవధిలోనే.

ఇప్పుడు గోరు పెట్టి అక్షరాల మీద అడ్డంగా గీయండి. నున్నగా జారిపోతే అది పైన పడిన ఇంకు, తుడిస్తే పోతుంది. గోరు గుంటల్లో తగిలితే అక్షరాలను వేడిగా అదిమి అచ్చువేశారని అర్థం. రంగు తుడిచినా గుంట మిగులుతుంది. దానికి ఉప్పు కాగితమే (శాండ్‌పేపర్) దారి.

ఏ ప్లాస్టిక్‌కు ఏది?

పీవీసీకి, యూపీవీసీకి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఇకపై ఆల్కహాల్ అంటే ఇదే), దానికి లొంగకపోతే అసిటోన్.

సీపీవీసీకి, ఏబీఎస్‌కు అసిటోన్ వాడకండి. ఏబీఎస్ అయితే చూస్తుండగానే కరిగి ముద్దవుతుంది. ఈ రెండింటికీ ఆల్కహాల్‌తో ప్రయత్నించి, పోకపోతే నేరుగా ఉప్పు కాగితానికి వెళ్లండి.

హెచ్‌డీపీఈ, పీపీఆర్ లాంటివి అసిటోన్‌కు కరగవు, అందుకని వీటితో భయం తక్కువ. ఇంకు కూడా వీటిని గట్టిగా పట్టుకోదు, చాలాసార్లు ఆల్కహాల్‌కే వదిలేస్తుంది.

అద్దంలా పారదర్శకంగా ఉండే అక్రిలిక్, పాలీకార్బొనేట్ గొట్టాల దగ్గరికి అసిటోన్ తీసుకెళ్లకండి. అక్రిలిక్ మీద ఆల్కహాల్ కూడా వెంట్రుకల్లాంటి పగుళ్లు తెప్పించగలదు, ముఖ్యంగా కోసిన అంచుల దగ్గర.

ఏమేం కావాలి?

తెల్లటి పాత నూలు గుడ్డలు చాలా కావాలి. రంగు గుడ్డ అయితే దాని రంగే కరిగి పైపుకు అంటుకోవచ్చు. పాలిస్టర్ గుడ్డ ద్రవాన్ని సరిగ్గా పీల్చుకోదు. అరచేయంత ముక్కలుగా చింపి ఇరవై ముప్ఫై సిద్ధం చేసుకోండి. ఎక్కువనిపిస్తుంది కానీ ఈ పనిలో పొదుపు చేయకూడనిది గుడ్డ ఒక్కటే. టిష్యూ పేపర్ వద్దు, తడికి చినిగి నూగు వదిలేస్తుంది.

అసిటోన్ వీలైతే శుద్ధమైనదే తెచ్చుకోండి. నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనూ కొంత పని జరుగుతుంది. కానీ గోళ్లు పొడిబారకుండా వాటిలో నూనెలు, రంగు, సువాసన కలుపుతారు, అవి పైపు మీద పొరలా మిగులుతాయి. ‘అసిటోన్ లేదు’ అని రాసి ఉన్న రిమూవర్లలో ఎక్కువగా వాడేది ఇథైల్ ఎసిటేట్. అది కూడా ఇంకును కదిలిస్తుంది.

పెయింట్ థిన్నర్ జోలికి నేను వెళ్లను. లోపల ఏమేం కలిపారో ఒక్కో డబ్బాలో ఒక్కోలా ఉంటుంది, పీవీసీని ఎంత మెత్తబరుస్తుందో ముందుగా చెప్పలేం. కిరోసిన్, టర్పెంటైన్ ఈ ఇంకును పెద్దగా కదిలించవు. పైగా జిడ్డు వదులుతాయి, ఆ జిడ్డు మీద పెయింట్ నిలవదు. పెట్రోల్ మాట ఎత్తనే వద్దు. శానిటైజర్ జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది కానీ చిక్కదనం కోసం కలిపినవి కూడా ఉంటాయి కాబట్టి జిగట మిగులుతుంది. పైపులు అతికించే సాల్వెంట్ సిమెంట్‌తో పాటు అమ్మే ప్రైమర్ కూడా ఇంకును పోగొడుతుంది, అదీ పీవీసీని కరిగించడానికే పుట్టిన ద్రవం. ఊదా రంగు ప్రైమర్ అయితే నల్లది పోయి ఊదా మరక వస్తుంది.

వీటికి తోడు పొడి టవల్, గోరువెచ్చని సబ్బునీళ్లు, 220, 320, 400, 600 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పు కాగితం, నంబరు పెరిగేకొద్దీ సన్నం), కొంచెం మాస్కింగ్ టేప్ ఉంచుకోండి.

నిప్పు, గాలి, చేతులు

అసిటోన్‌ను చులకనగా తీసుకోకండి. మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ వెళ్తుంది. మీరు ఒక మూల కూర్చుని తుడుస్తుంటే, అవతలి మూలలో వెలుగుతున్న స్టవ్వో, దీపమో దాన్ని అందుకోవచ్చు. అందుకని ఆరుబయటో, కిటికీలు తలుపులు తీసిన గదిలోనో కూర్చోండి. దగ్గర్లో స్టవ్వు, గీజర్ మంట, అగరొత్తి, సిగరెట్, నిప్పురవ్వలు వచ్చే మోటారు ఏవీ ఉండకూడదు. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

చేతులకు బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు మంచివి. పల్చటి నైట్రైల్ గ్లౌజులు అసిటోన్‌కు కొద్దిసేపట్లోనే ఉబ్బి చిరుగుతాయి. వేరేవి దొరక్క అవే వాడితే తడిసిన వెంటనే మార్చుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. గుడ్డ విదిలించినప్పుడు ఒక చుక్క కంట్లో పడినా చాలా మంట పెడుతుంది. పడితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్లతో కడగాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి: అసిటోన్‌ను బ్లీచ్‌తో గానీ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గానీ కలపకండి. బ్లీచ్‌తో కలిస్తే క్లోరోఫామ్ తయారవుతుంది. పెరాక్సైడ్‌తో పేలుడు పదార్థం తయారుకావచ్చు. మరక పోవడంలేదని రెండూ కలిపి చూద్దామనే ఆలోచన రానివ్వకండి.

తుడవడం

1. పైపును సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. దుమ్ము, జిడ్డు పోతే ఇంకు ఒక్కటే మిగులుతుంది. తడి ఉంటే అసిటోన్ పలచబడి బలం తగ్గుతుంది.

2. ఎలాగూ కోసి పారేసే చివర ముక్క మీద ముందు పరీక్షించండి. ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ అక్షరం మీద పెట్టి, పది సెకన్లు ఉంచి తుడవండి. గుడ్డకు నలుపు అంటితే మీ అదృష్టం, మొత్తం పని ఆల్కహాల్‌తోనే ముగించవచ్చు. ఆల్కహాల్ పీవీసీని ఏమీ చేయదు కాబట్టి తొందరపడనక్కర్లేదు. కొన్ని ఇంకులు దీనికే వదులుతాయి, మొండివి వదలవు. వదలకపోతే అదే ముక్క మీద అసిటోన్‌తో చూడండి.

3. పైపును రెండు టవళ్ల మీద పడుకోబెట్టండి, అచ్చు పైకి వచ్చేలా. దొర్లకుండా రెండు వైపులా చుట్టిన గుడ్డ ఆనించండి. ఒళ్లో పెట్టుకుని చేస్తే చేయి నిలవదు.

4. గుడ్డను నాలుగు మడతలు వేసి, సీసా మూతికి ఆనించి ఒక్కసారి వంచండి. రూపాయి బిళ్లంత మేర తడిస్తే చాలు. పిండితే కారేంత తడి ఎక్కువ. పైపు మీద ఎప్పుడూ పోయకండి.

5. ఒకేసారి నాలుగైదు అక్షరాల మేరకే పని పెట్టుకోండి. తడి గుడ్డను వాటి మీద ఆనించి, ఒకటి రెండు లెక్కపెట్టి, ఒకే దిక్కులో ఒక్క లాగు లాగి గుడ్డను పైకి ఎత్తేయండి. వెనక్కి రాకండి. ఈ ఒక్క కదలికలోనే మొత్తం నైపుణ్యం ఉంది. నుదుటి మీద కుంకుమ చెరగకుండా చెమట అద్దినట్టు నెమ్మదిగా అద్దితే సరిపోదు. అలాగని గిన్నె తోమినట్టు రుద్దనూ కూడదు. ఆనించడం, లాగడం, ఎత్తడం.

6. గుడ్డ వైపు చూడండి. నల్లటి చార పడి ఉంటుంది. మడత తిప్పి, శుభ్రంగా ఉన్న వైపును మళ్లీ కొంచెం తడిపి రెండోసారి లాగండి. ఆ నల్లటి వైపు ఇంకెప్పుడూ పైపును తాకకూడదు. నాలుగు మడతలూ అయిపోతే గుడ్డ మార్చండి. అందుకే అన్ని ముక్కలు చింపమన్నాను.

7. వెంటనే పొడి గుడ్డతో అదే దిక్కులో ఒకసారి తుడవండి. ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. మిగిలిన అసిటోన్‌ను ఆ పొడి గుడ్డ పీల్చేసుకుంటుంది, పైపు మెత్తబడే అవకాశం ఇవ్వదు.

8. తుడిచిన చోట వేలు పెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టకండి. ఒక నిమిషం ఆగండి. ఇంకా రంగు ఉంటే ఆరిన తర్వాతే మళ్లీ. ఒకే చోట వరసగా ఐదారుసార్లు తడిపితే పైపొర మెత్తబడి, లేత బూడిదరంగు లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత దాన్ని తుడిచి తీయలేం. నేను పైపు ఈ చివర నాలుగు అక్షరాలు తుడిచి, అవి ఆరేలోపు ఆ చివర నాలుగు తుడుస్తాను. అలా అటూ ఇటూ పనిచేస్తే టైమూ వృథా కాదు, పైపుకూ ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది.

9. మొత్తం అయ్యాక సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో జాడించి ఆరబెట్టండి.

వాడిన గుడ్డలు ముద్దగా చెత్తబుట్టలో వేయకండి. ఆరుబయట, నిప్పుకు దూరంగా, విడివిడిగా పరిచి అసిటోన్ పూర్తిగా ఆరిపోయాక పారేయండి. మిగిలిన అసిటోన్‌ను సింకులో పోయకండి. దానికింద ఉన్న పైపు కూడా చాలావరకు పీవీసీయే.

అక్షరాలు పోయాయి, నీడ మిగిలింది

తుడిచిన పైపును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు పక్క నుంచి పడేలా కొంచెం వంచి చూడండి. రెండు రకాల నీడలు కనిపించవచ్చు.

ఒకటి నిజంగా మిగిలిన రంగు. అక్షరం ఆకారం లేత బూడిదలో ఎటు నుంచి చూసినా కనిపిస్తుంది. మరక తీసే తెల్లటి మెలమైన్ స్పాంజి ఉంటే, నీళ్లలో ముంచి పిండి దానితో మెల్లగా రుద్దండి. అది చూడడానికి మెత్తగా ఉన్నా నిజానికి చాలా సన్నటి ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. తెల్లటి టూత్‌పేస్ట్ కూడా కొంతవరకు ఇలాగే చేస్తుంది. వాటికి పోకపోతే వాటర్ పేపర్.

రెండోది రంగు కాదు, మెరుపులో తేడా. ఎదురుగా చూస్తే ఏమీ ఉండదు, పక్క నుంచి చూస్తే తుడిచిన చోట మాత్రం మసగ్గా, మిగతాచోట నిగనిగలాడుతూ ఉంటుంది. అసిటోన్ ఆ పొరను రవ్వంత కదిలించిందన్నమాట. దీన్ని మళ్లీ మళ్లీ తుడిచి పోగొట్టలేరు, పెంచుతారు. చేయాల్సింది మసక చోటును మెరిపించడం కాదు, మిగతా పైపునంతా దానితో సమం చేయడం. పైపు చుట్టూ, పొడవునా 600 వాటర్ పేపర్‌తో తడి పెట్టి ఒకసారి రుద్దితే అంతా ఒకే రకమైన మెత్తటి మసకదనం వస్తుంది. నిజం చెప్పాలంటే ఆ మసక తెలుపు ఫ్యాక్టరీ మెరుపుకంటే అందంగా ఉంటుంది. ప్లంబింగ్ పైపు అన్న జాడే పోతుంది.

ఉప్పు కాగితంతో తీయడం

గుంటలు పడిన అచ్చుకు, సీపీవీసీకి, ఏబీఎస్‌కు, అసిటోన్ వాసన పడనివాళ్లకు ఇదే మంచి దారి. నిజానికి పైపుకు ఎలాగూ పెయింట్ వేయబోతుంటే ద్రవాలతో పనే లేదు, నేరుగా ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎప్పుడూ తడిపి రుద్దండి. ప్లాస్టిక్ పొడి గాల్లోకి లేవకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. పాత పైపులయితే ఇది మరీ ముఖ్యం. ఒకప్పుడు పీవీసీ చెడిపోకుండా సీసం కలిసిన పదార్థాలు వాడేవారు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. మాస్క్ పెట్టుకోండి. పని అయ్యాక నేల ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పున పొడవాటి పట్టీగా చింపండి. పైపు మీదుగా సగం చుట్టు చుట్టి, రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని, మజ్జిగ చిలికే కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగండి. కాగితం పైపు వంపునే అనుసరిస్తుంది కాబట్టి గుండ్రదనం చెడదు. చేత్తో అదిమి అక్షరాల మీదే నిలువుగా రుద్దితే ఆ ఒక్క వైపు చదునుగా తయారవుతుంది. వేలితో తడిమితే తెలియకపోయినా పెయింట్ వేశాక వెలుగులో బయటపడుతుంది.

గుంటలుంటే 220తో మొదలుపెట్టండి, లేకపోతే 320 చాలు. అక్షరాలు పోగానే 400, తర్వాత 600. ఒక్కో నంబరు మారినప్పుడు పైపు కడగండి, ముందరి కాగితం గింజలు మిగిలితే కొత్త గీతలు పడతాయి.

ఇంకో పద్ధతి బ్లేడు. కొత్త బ్లేడును పైపుకు నిలువుగా, 90 డిగ్రీల్లో నిలబెట్టి, మీ వైపుకు కాకుండా పక్కకు మెల్లగా గీకితే ఇంకు పొట్టులా లేస్తుంది. చిన్న ముక్కల మీద, రెండు మూడు అక్షరాలకు చాలా వేగంగా పని అవుతుంది. బ్లేడును వాల్చితే మాత్రం పైపులోకి దిగబడి చెక్కేస్తుంది.

ఇందాక గుర్తుంచుకోమన్న చివర్ల సంగతి ఇప్పుడు. ఎల్బోలోకి దూరే భాగాన్ని ఉప్పు కాగితంతో రుద్దకండి. అక్కడ కొలత కొంచెం తగ్గినా పైపు వదులై జాయింటు ఊగుతుంది. ఎల్బో ఎంత లోతు మింగుతుందో కొలిచి, అంత మేర మాస్కింగ్ టేప్ చుట్టేయండి. టేప్ అంచు దాకా రుద్ది, బిగించాక చూస్తే ఇంకు మిగిలిన భాగం లోపలికి వెళ్లిపోతుంది. గమ్ము పెట్టి అతికించేది అయితే అసిటోన్ తుడుపంతా అతికించడానికి ముందే ముగించుకోండి. కొత్త జాయింటు దగ్గర అసిటోన్ తగిలితే ఇంకా గట్టిపడని గమ్ము వదులవుతుంది.

ఎల్బోల మీద, టీల మీద ఉండే ఉబ్బెత్తు అక్షరాలు ఇంకు కాదు, మూసలోనే పోసినవి. సన్నటి ఆకురాయితో చదును చేసి, ఆపైన 320, 600.

హీట్ గన్‌తో ఇంకు కాల్చేయాలనే ఆలోచన కొందరికి వస్తుంది. 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. ఇంకా వేడిచేస్తే ముందు చెప్పిన, కళ్లనూ గొంతునూ మండించే ఆ వాయువు మొదలవుతుంది. ఇంకు మాత్రం అక్కడే ఉంటుంది.

పెయింట్ వేసేట్టయితే

నల్ల పెయింట్ వేస్తే అక్షరాలు ఎలాగూ కనిపించవు కదా అనుకోవచ్చు. ముదురు రంగుకు అది కొంతవరకు నిజం, గుంటలు లేకపోతే. తెలుపు, క్రీమ్, లేత రంగులకు కాదు. స్ప్రే పెయింట్‌లో ఉండే ద్రవం కింద మిగిలిన ఇంకును మళ్లీ కరిగించి పైకి లాగుతుంది. మొదటి కోటింగ్ తెల్లగా పడుతుంది, ఆరేసరికి అక్షరాలు లేతగా తేలతాయి. రెండో కోటింగ్ వేసినా మళ్లీ తేలతాయి. కాబట్టి లేత రంగు కింద ఇంకు పూర్తిగా పోవాల్సిందే.

అసిటోన్‌తో తుడిచిన పైపుకు అదే రోజు పెయింట్ వేయకండి. కొంత అసిటోన్ పైపొరలో ఉండిపోతుంది, ఒక రోజు గాలికి వదిలేస్తే బయటికి పోతుంది. తర్వాత 320తో లేతగా గరుకు చేసి, కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే పెయింట్ ప్రైమరో, ప్లాస్టిక్ మీద నేరుగా పట్టే స్ప్రేనో పల్చటి కోటింగ్‌లుగా వేయండి. ఎండలో ఉండే వస్తువైతే లేత రంగు, నీళ్లలో కలిపే అక్రిలిక్ పెయింట్ మంచిది. ఎండ పీవీసీని పసుపెక్కించి పెళుసుగా చేస్తుంది, పెయింట్ దాన్ని కాపాడుతుంది. ముదురు రంగు వేడిని పీల్చుకుని పొడవాటి పైపును మధ్యలో కుంగదీయగలదు.

పెయింట్ వేయని వస్తువైతే కడిగి ఆరబెట్టాక పల్చగా మైనం పాలిష్ పట్టించి మెత్తటి గుడ్డతో తుడవండి. 600 కాగితం వదిలిన సన్నటి గీతల్లో చేతి మురికి చేరకుండా అది అడ్డుకుంటుంది.

చివరగా, ఆ పైపులోంచి కోసిన ముక్కల్లో జానెడు పొడవున్నది ఒకటి, అక్షరాలు మొత్తం ఉన్నది, తుడవకుండా పక్కన పెట్టండి. మీరు కట్టిన వస్తువుకే ఒక మూల లోపలికి దూర్చేసి మూత బిగించినా సరే. రెండేళ్ల తర్వాత ఒక కాలు విరిగితే, షాపుకు ఆ ముక్కను పట్టుకెళ్తే చాలు.